మైసూరులో నా ట్రైనింగ్

నలుగురికి చదువు చెప్పుకుని బతికేదాన్ని, ఇంత తెలివితక్కువ పని ఎలా చేశానని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఏం జరిగిందో మాత్రం చెప్పగలను. జనం గోల తప్పించుకోవడానికి దసరా సెలవుల్లో మైసూరు వెళ్ళిన మేధావిని నేను. అప్పుడే నవ్వకండి. అసలు గొడవ ఇంకా మొదలే కాలేదు.

మాది విజయవాడ వన్‌టౌన్. మా మేడ మీద నుంచి చూస్తే కొండ మీద దుర్గమ్మ గుడి కనిపిస్తుంది. పెళ్ళికి ముందు ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడు మా అమ్మ ఆ గోపురానికి దణ్ణం పెట్టుకుని, "ఎంత అదృష్టవంతురాలివే" అంది. ఆ అదృష్టం నవరాత్రుల్లో ఎలా ఉంటుందో ఆవిడకి తెలియదు.

దసరా వచ్చిందంటే బందరు, గుడివాడ, తెనాలి, ఏలూరుల నుంచి మా ఆయన తరఫు చుట్టాలు దర్శనానికి దిగేవారు. కొండ మీద మొదలైన క్యూ మా ఇంటి స్నానాల గది దగ్గర ముగిసేది. ఫోన్లన్నీ ఒక్క ప్లగ్గు చుట్టూ చార్జింగుకి పెట్టుకునేవారు. ఒకసారి ఎవరో పొరపాటున ఇంకొకాయన ఫోనెత్తి, ఆయన భార్యతో చాలాసేపు యోగక్షేమాలు మాట్లాడి పెట్టేశారు. గుడి మైకులో తప్పిపోయినవాళ్ళ పేర్లు చదువుతుంటే, అందులో మావాళ్ళెవరైనా ఉన్నారేమోనని చెవులు రిక్కించి వినేదాన్ని. ఉంటే కంగారుతో పాటు కొంచెం ఊరట కూడా కలిగేది. ఒక కాఫీ తగ్గింది కదా అని.

ఈ దండుకి నాయకుడు బందరు మావయ్యగారు. మా ఆయనకి సొంత బాబాయి. మునిసిపల్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. చాలా మంచి మనిషి. ఆ మంచితనంతోనే నా వెనకాల వంటింట్లో నిలబడి, "ఇంగువ వేశావా అమ్మాయ్?" అని అడుగుతుండేవారు. ఆయన భార్యని నేను అత్తయ్యగారు అంటాను. ఆవిడ మాట్లాడేది తక్కువ. వచ్చిన దగ్గర్నుంచి వెళ్ళేదాకా కత్తిపీట ముందు కూర్చుని కూరలు తరిగేవారు. మా సొంత అత్తమామలు ఆ ఏడాది మా ఆడపడుచు పురిటికని హైదరాబాదులో ఉన్నారు. అంటే వచ్చేవాళ్ళందరికీ నేనొక్కదాన్నే దిక్కు.

అప్పటికి నేనొక జూనియర్ కాలేజీలో జువాలజీ లెక్చరర్‌గా కొత్తగా చేరాను. మా ఆయన ప్రసాద్‌ది ఇన్సూరెన్సు ఆఫీసు. పెళ్ళయ్యాక మేమిద్దరం సరదాగా ఏ ఊరూ వెళ్ళలేదు. పెళ్ళిళ్ళకీ తద్దినాలకీ వెళ్ళిన ఊళ్ళు లెక్కలోకి రావు. అందుకని ఆ వేసవి చివర్లోనే పథకం వేశాను.

"మైసూరు వెళ్దామండీ. రాజుల ఊరు. పెద్ద పెద్ద రోడ్లు, చెట్లు. ప్రశాంతంగా ఉంటుంది" అన్నాను.

"ఎప్పుడు?" అన్నారాయన, పేపరు దించకుండా.

"దసరాకి. అప్పుడేగా నాకు సెలవులు."

"మైసూరు దసరా అని ఎక్కడో విన్నట్టుంది."

"అది రాజులున్నప్పుడండీ. ఏనుగులూ అంబారీలూ అని చిన్నప్పుడు పాఠం ఉండేది. ఇప్పుడు రాజులెక్కడున్నారు?"

"టీవీలో కూడా ఏదో చూపిస్తుంటారు."

"పాతవి వేస్తుంటారు లెండి."

పాతవి వేస్తుంటారట. నాకు జువాలజీ తప్ప ఇంకో సబ్జెక్టు అప్పగించని మా ప్రిన్సిపాల్‌గారి దూరదృష్టికి ఇవాళ్టికీ దణ్ణం పెడతాను.

ఫోన్లో వెతికితే ఏ హోటల్లోనూ గదుల్లేవు. మంచి ఊరు కదా, గిరాకీ ఉంటుందిలే అనుకున్నాను. చివరికి ఒకచోట దొరికిన గది అద్దె చూసి మా ఆయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు. "కిటికీలోంచి ప్యాలెస్ కనిపిస్తుందేమో" అన్నాను. ఇన్ని సూచనలు వచ్చినా అర్థం కాలేదంటే, నాకు ఎవరూ అడ్డు పడలేరన్నమాట.

ఇక మిగిలింది బందరు మావయ్యగారు. దసరా దగ్గర పడుతుండగా ఆయనే ఫోన్ చేశారు.

"అమ్మాయ్, ఈసారి మూలా నక్షత్రానికి ముందే వచ్చేస్తున్నాం. పెడన నుంచి మా వియ్యంకుడుగారూ వియ్యపురాలుగారూ కూడా వస్తారు. నీకేం ఇబ్బంది లేదుగా?"

"ఇబ్బందేముందండీ మావయ్యగారూ. కాకపోతే ఇంటికి రంగులు వేయిస్తున్నాం."

"భేష్. అయితే ఇంకో రెండ్రోజులు ముందొచ్చి దగ్గరుండి వేయిస్తాను. పనివాళ్ళని వాళ్ళ మానాన వదిలేస్తే నీళ్ళు కలిపేస్తారు."

"అంటే, రంగుల వాసన అత్తయ్యగారికి పడదేమోనని."

"మీ అత్తయ్యకి ఏ వాసనా తెలీదు. పన్నెండు నెలలూ జలుబేగా."

ఎదురుగా సోఫాలో మా ఆయన నవ్వాపుకోలేక దిండులో ముఖం దాచుకున్నారు. నేను దారి మార్చాను.

"అసలు సంగతేంటంటే మావయ్యగారూ, రంగులు వేయించట్లేదండి."

"అదేంటి, ఇప్పుడేగా అన్నావు."

"వేయిద్దామనుకున్నాం. ఈలోగా నాకు ట్రైనింగ్ పడింది. కాలేజీ తరఫున."

"ఎక్కడా?"

మైసూరు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. మా రైలు బెంగుళూరు దాకా. అక్కణ్ణుంచి బస్సు.

"బెంగుళూరండి."

"పోనీ ప్రసాదు ఉంటాడుగా ఇంట్లో."

"ఆయన కూడా వస్తున్నారండి. నాకు తోడుగా."

"దసరా పూట ట్రైనింగ్ పెట్టేవాళ్ళకి బుద్ధుందా అమ్మాయ్?" అన్నారు మావయ్యగారు.

"లేదండి" అన్నాను. ఆ సంభాషణ మొత్తంలో మనస్ఫూర్తిగా అన్న మాట అదొక్కటే.

"సరేలే. ఉద్యోగం ముఖ్యం. జాగ్రత్తగా వెళ్ళిరా" అని పెట్టేశారు. అంత మంచిగా అనకుండా కాస్త విసుక్కుని ఉంటే నాకు హాయిగా ఉండేది.

బెంగుళూరులో దిగి మైసూరు బస్సెక్కితే కాలు పెట్టే చోటు లేదు. "వీకెండ్ కదండీ" అన్నాను. ఆ రోజు బుధవారం. మైసూరులో దిగేసరికి రోడ్డుకి అడ్డంగా స్వాగత ద్వారాలు, చెట్టు చెట్టుకీ లైట్లు, ఎక్కడ చూసినా మనుషుల తలలు. ఆటో అతనికి తెలుగు వచ్చు.

"దసరాకి వచ్చారా మేడమ్?"

"కాదు. ఊరు చూడ్డానికి."

అతను ఆటో నడుపుతూనే ఒకసారి వెనక్కి తిరిగి నన్ను చూశాడు. "ఇప్పుడు ఊరు కనపడదు మేడమ్. జనమే కనపడతారు."

మా ఆయన బయటికే చూస్తూ కూర్చున్నారు. చాలాసేపటికి, "రాజులు లేరు గానీ సైన్యం మాత్రం ఉన్నట్టుంది" అన్నారు.

గది సంగతి కూడా చెప్పాలి. ఒక మంచం, మంచానికీ గోడకీ మధ్య మనిషి పక్కకి తిరిగి నడిచేంత చోటు. కిటికీ తెరిస్తే ప్యాలెస్ కాదు, పక్క హోటలు వంటింటి గోడ.

అయినా సాయంత్రం ప్యాలెస్ దగ్గరికి వెళ్ళాం. తోపులాటలో నా చున్నీ ఎవరి బ్యాగు జిప్పులోనో చిక్కుకుని, వాళ్ళతో పాటు కొంతదూరం నేనూ నడవాల్సి వచ్చింది. ఇంతలో దీపాలు వెలిగాయి. ప్యాలెస్ మొత్తం బంగారం పోతపోసినట్టు ఒక్కసారిగా మెరిసింది. జనమంతా ఊపిరి బిగబట్టారు. నేనూ బిగబట్టాను. నా తెలివితక్కువతనాన్ని నేనే క్షమించుకున్నాను. సరిగ్గా అప్పుడే వెనక నుంచి తెలుగులో ఒక గొంతు వినపడింది.

"ఈ లైట్లన్నిటికీ కరెంటు బిల్లు ఎవరు కడతారంటారు?"

ఆ వెలుగు చూసి ఆ ప్రశ్న అడగగల మనిషి ఈ భూమి మీద ఒక్కరే ఉన్నారు.

"కదలకండి. వెనక్కి తిరగకండి" అని మా ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"ఎందుకు, ఎవరు?" అంటూ ఆయన వెనక్కి తిరిగారు. మొగుళ్ళు అంతే.

"ఒరేయ్ ప్రసాదూ, నువ్వేంట్రా ఇక్కడ? అమ్మాయ్, ట్రైనింగ్ బెంగుళూరన్నావు?"

"సెలవిచ్చారండి" అన్నాను నేను.

"ఇక్కడికి మార్చారు" అన్నారు మా ఆయన. రెండు జవాబులూ ఒకేసారి వచ్చాయి.

మావయ్యగారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. "సెలవిచ్చి ఇక్కడికి మార్చారా?"

"అవునండి. పగలు ట్రైనింగు, సాయంత్రం సెలవు" అన్నాను.

"మరి ఇక్కడ కాలేజీలన్నిటికీ దసరా సెలవులన్నారే."

"అందుకేనండి. గదులు ఖాళీగా ఉంటాయని."

"తెలివైనవాళ్ళు" అని మెచ్చుకున్నారు. ఆయన వెనకే అత్తయ్యగారు, వియ్యంకుడుగారు, వియ్యపురాలుగారు సంచులతో నిలబడి ఉన్నారు. "నువ్వు బెంగుళూరు అనగానే నాకు మైసూరు గుర్తొచ్చింది అమ్మాయ్. మన బందరు నుంచే బెంగుళూరుకి రైలుంది కదా. ఎప్పుడూ బెజవాడేనా, ఈసారి అటు పోదాం అనుకున్నాం. తీరా వస్తే ఊళ్ళో ఒక్క గది ఖాళీ లేదు. మీకు గది ఉందా?"

"ఉంది" అన్నారు మా ఆయన. ఆయన జీవితంలో అంత తొందరగా ఏ ప్రశ్నకీ జవాబు చెప్పలేదు.

"పర్లేదండీ, మేం ఎక్కడైనా సర్దుకుంటాం" అన్నారు వియ్యంకుడుగారు, చేతిలో ఉన్న సంచి మా ఆయనకి అందిస్తూ. తర్వాత తెలిసింది, ఏం జరిగినా ఆయన పర్లేదండీ అనే అంటారని.

ఆడవాళ్ళం మంచం మీద, మగవాళ్ళు కింద. ఎవరైనా లేవాలంటే మిగతావాళ్ళు కాళ్ళు ముడుచుకోవాలి. మావయ్యగారు సంచిలోంచి కరెంటు కుక్కరు బయటికి తీశారు. దాని వెనకే ఉప్మారవ్వ పొట్లం. "బయటి తిండి పడదని తెచ్చుకున్నాం అమ్మాయ్" అని నావైపు చూసి ఆప్యాయంగా నవ్వారు. అంతదూరం ప్రయాణం చేసి, మైసూరు మహానగరంలో, స్నానాల గది గుమ్మం పక్కన గొంతుక్కూర్చుని నేను ఉప్మా కలిపాను. "ఇంగువ వేశావా అమ్మాయ్?" అని వినపడింది.

మర్నాడు పొద్దున్నే అందరికంటే ముందు నన్ను లేపింది మావయ్యగారే. "లే అమ్మాయ్, ట్రైనింగుకి ఆలస్యమవుతుంది." చేసేదేముంది, తల దువ్వుకుని, బ్యాగులో అడుగున పడి ఉన్న కాలేజీ గుర్తింపు కార్డు మెడలో వేసుకుని బయల్దేరాను. మిగతావాళ్ళని మా ఆయన జూకి తీసుకెళ్ళారు. ఆటో ఎక్కుతూ నాతో, "శ్రద్ధగా విను" అన్నారు, ముఖంలో ఒక్క గీతైనా కదలకుండా.

ఒక కాఫీ హోటల్లో మూల బల్ల దగ్గర కూర్చున్నాను. కాఫీ తాగాను. సెట్ దోసె తిన్నాను. మళ్ళీ కాఫీ తాగాను. నా మెడలో కార్డు చూసి, తనిఖీకి వచ్చిన ఆఫీసరునేమోనని అనుమానమొచ్చి కాబోలు, హోటలువాళ్ళు నా బల్లని మాటిమాటికీ తుడిచారు. ఒక్కదాన్నే ఊరు చూసొద్దామంటే, ఏ మలుపులో మావయ్యగారు కరెంటు స్తంభాలు లెక్కపెడుతూ ఎదురవుతారోనని భయం. మైసూరు చూద్దామని వచ్చి ఆ హోటలు గోడ గడియారాన్ని సాయంత్రం దాకా చూశాను. మధ్యమధ్య మా ఆయన ఫోటోలు పంపారు. జిరాఫీ ముందు మావయ్యగారు. ఏనుగు ముందు వియ్యంకుడుగారు, చేతిలో ఐస్‌క్రీముతో. జువాలజీ లెక్చరర్ని నేను. జూ చూస్తున్నదేమో ఇన్సూరెన్సు ఆఫీసు.

సాయంత్రం గదికి రాగానే మావయ్యగారు పక్కకి జరిగి చోటిచ్చారు. "ఇవాళ ఏం చెప్పారు అమ్మాయ్?"

"పిల్లల మనసు ఎలా అర్థం చేసుకోవాలో చెప్పారండి."

"మరి పెద్దవాళ్ళ మనసో?"

"అది రేపండి."

ఆయన తృప్తిగా తలాడించి, "పొద్దుట్నించీ ఒకటే క్లాసులు, పాపం ముఖం పీక్కుపోయింది" అని తన దిండు తీసి నాకిచ్చారు. ఆ దిండు మీద తల పెట్టుకుంటే బండరాయి మీద పెట్టుకున్నట్టుంది. తప్పు దిండుది కాదు.

తర్వాతి రోజు చాముండి కొండకి ప్రయాణం. "మన అమ్మవారూ కొండ మీదే, ఇక్కడా కొండ మీదే" అని మావయ్యగారికి మహా ఉత్సాహం. అత్తయ్యగారు మాత్రం మోకాళ్ళు నొప్పులని, గదిలోనే పడుకుంటానని అన్నారు. వాళ్ళంతా వెళ్ళాక నేను స్నానం చేసి వచ్చేసరికి ఆవిడ గదిలో లేరు. కార్డు తగిలించుకుని కిందికి దిగాను. హోటలు గేటు దగ్గర అత్తయ్యగారు నిలబడి ఉన్నారు. పట్టుచీర, తల్లో పూలు, చేతిలో బ్యాగు.

"పద" అన్నారు.

"ఎక్కడికండీ?"

"ట్రైనింగుకి. ఇవాళ పెద్దవాళ్ళ పాఠం అన్నావుగా."

"అత్తయ్యగారూ, అదీ..."

"ట్రైనింగుకి వచ్చే పిల్ల పెట్టెలో రెండు పట్టుచీరలు తెచ్చుకుంటుందా? మొన్న దువ్వెన కోసం నీ పెట్టె తెరిచాను."

"అయితే మొన్నే తెలిసిపోయిందా మీకు?"

"నువ్వు ఫోన్లో రంగులన్నప్పుడే తెలిసింది. మీ మావయ్య ఫోనెప్పుడూ స్పీకర్లోనే ఉంటుందిగా."

నడిరోడ్డు మీద నిలబడి క్షమాపణ చెప్పబోయాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని నడిపిస్తూనే మాట్లాడారు. రెండు దసరాల్లో కలిపి నాతో అన్ని మాటలు మాట్లాడలేదు.

"ఏటా మీ ఇంటికి రావడం నాకు సరదా అనుకున్నావా? బందరులో కూరలు తరిగేదాన్ని బెజవాడ వచ్చి కూరలు తరుగుతాను. వంటిల్లు మారుతుంది, అంతే. నువ్వు ఇంటికి తాళం వేస్తున్నానన్నాక, పెళ్ళయ్యాక మొదటిసారి ఆయన నన్ను అడిగారు, మరెక్కడికెళ్దామంటావు అని. మైసూరు అన్నాను."

"మావయ్యగారు తనకే గుర్తొచ్చిందన్నారే?"

"ఆయనకి గుర్తొచ్చేవన్నీ నేను చెప్పినవే అమ్మాయ్."

నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. ప్రతి దసరాకి ఆవిడ నా పక్కనే కూర్చున్నారు. నేను అలిసిపోతున్నానని నాకు తెలుసు. పక్క పీట మీద కూర్చున్న మనిషి కూడా అలిసిపోయి ఉండొచ్చని ఎప్పుడూ తోచలేదు.

ప్యాలెస్ లోపల పెళ్ళిమండపం పైకప్పుకి రంగురంగుల అద్దాలు, వాటి నిండా నెమళ్ళు. అత్తయ్యగారు తలెత్తి ఆగిపోయారు. వెనకున్నవాళ్ళు తోస్తున్నా కదల్లేదు. "ఎవరి పెళ్ళికీ రాలేదు, ఎవరి పురిటికీ రాలేదు. ఉత్తినే వచ్చాను" అని తనలో తను అనుకున్నారు. నేను ఆవిడ వెనక చేతులు అడ్డంపెట్టి, జనాన్ని ఆపుతూ నిలబడ్డాను. మెడ నొప్పి పుట్టేదాకా చూడనిచ్చాను.

బయటికొచ్చి చెప్పుల దగ్గరికి వెళ్ళేసరికి, అక్కడ మా ఆయన, మావయ్యగారు, వియ్యంకుడుగారి దంపతులు చెప్పులు విప్పుతూ కనిపించారు. కొండకి దారి కిక్కిరిసిపోయి వెనక్కి తిరిగొచ్చారట.

"నీకు మోకాళ్ళు నొప్పులు కదా?" అన్నారు మావయ్యగారు భార్యతో. తర్వాత నావైపు తిరిగారు. "నీకు ట్రైనింగు కదా?"

మా ఆయన ఆకాశంలోకి చూశారు.

"ట్రైనింగు నాకే. అమ్మాయి నేర్పుతోంది" అన్నారు అత్తయ్యగారు.

"ఏం నేర్పుతోంది?"

"అబద్ధమాడి ఇంట్లోంచి బయటపడ్డం."

"పర్లేదండీ" అన్నారు వియ్యంకుడుగారు, అలవాటు కొద్దీ.

మావయ్యగారు చేతిలో చెప్పు అలాగే పట్టుకుని నిలబడ్డారు. ఆయన ముఖంలో కోపం ఉంటే భరించేదాన్ని. "మేం రావడం నీకు ఇబ్బందా అమ్మాయ్?" అని అడిగారు, మెల్లగా.

"మీరు రావడం కాదండి. అంతమందికి ఒక్కదాన్నే చేసుకోలేకపోతున్నాను" అన్నాను. అంతకాలం నా నోట రాని మాట, చెప్పుల కుప్ప ముందు వచ్చేసింది.

"ఆ ముక్క ఫోన్లోనే చెప్పొచ్చుగా" అన్నారు. చేతిలో చెప్పు కింద పెట్టారు. "చెప్పినా నేను వినేవాణ్ణి కాదులే. ఏమంతపని, ఉప్మాయేగా అనేవాణ్ణి."

మర్నాడు ఉదయం కళ్ళు తెరిచేసరికి మావయ్యగారూ మా ఆయనా కుక్కరు ముందు కూర్చుని రవ్వతో యుద్ధం చేస్తున్నారు. వియ్యంకుడుగారు వార్తాపత్రికతో పొగని కిటికీలోంచి బయటికి తోలుతున్నారు. నేను మంచం దిగలేదు. దుప్పటి మెడదాకా లాక్కుని, "ఇంగువ వేశారా మావయ్యగారూ?" అని అడిగాను. అత్తయ్యగారు దిండులో ముఖం పెట్టుకుని నవ్వడం, ఆ నవ్వుకి మంచం ఊగడం నాకు ఇప్పటికీ గుర్తు. ఉప్మా మాత్రం ముద్దలు ముద్దలుగా, పగలగొట్టుకుని తినేలా వచ్చింది. అందరం మహాప్రసాదంలా తిన్నాం. ఆ తర్వాత ఏనుగుల ఊరేగింపు కూడా చూశాం. చూశాం అంటే, ముందున్నాయన భుజం మీది పిల్లాడి టోపీ పక్కనుంచి ఏనుగు చెవి ఒకటి కనపడింది.

విజయవాడ వచ్చి పెట్టెలు విప్పుకుంటుంటే బందరు నుంచి లలిత ఫోన్ చేసింది. లలిత మావయ్యగారి కోడలు, ఆ వియ్యంకుడుగారి కూతురు.

"అక్కా, మా అత్తమామలూ మా అమ్మానాన్నా అందరూ మైసూరులో నీ దగ్గరే ఉన్నారటగా. ఏటా అత్తమామలు బెజవాడ వస్తే, అమ్మానాన్నా నా దగ్గర దిగేవారు. ఇన్నేళ్ళలో ఇంత ప్రశాంతమైన దసరా నాకు ఎప్పుడూ లేదు. కాళ్ళు చాపుకుని టీవీ చూశాను. ఇంతకీ వచ్చే ఏడాది నీ ట్రైనింగ్ ఏ ఊళ్ళో?"

"లలితా, అసలు ట్రైనింగే లేదమ్మా."

"నాకు తెలుసక్కా. ఊరి పేరు చెప్పు చాలు. ఈ నలుగురికీ ఇప్పుడే టికెట్లు తీసేస్తాను."

కాబట్టి, దీన్ని చదువుతున్న మీ అందరి సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ ఊరు వెళ్ళినా, ఆ వారం ఆ ఊళ్ళో ఏం జరుగుతోందో కనుక్కుని గానీ కదలను. లేని రంగులు గోడలకి వేయను. లేని పాఠాలు వినను. చేతకానప్పుడు చేతకావట్లేదనే చెప్తాను. అన్నిటికన్నా ముఖ్యంగా, నవరాత్రుల్లో వన్‌టౌన్ పొలిమేర దాటను. ఇది ఒట్టు. లలితకి మాత్రం ఇంకా చెప్పలేదు. పాపం, ఊరి పేరు తెలియకుండానే, ముందు విజయవాడ దాకా నాలుగు టికెట్లు కొనేసిందట.